నిలబడ్డ బండికి బత్తా లేదు

బండి, బాట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు
(జవాబులు రాసేది చెన్నై మాధవరంలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ గుమాస్తాగా చేరి, ముప్పై ఒక్క ఏళ్ళకి మేనేజరుగా రిటైరైన ఒక పెద్దాయన.)

ప్రశ్న: నాకు తొమ్మిది లారీలున్నాయి. నెల్లూరు వైపు నుంచి వడ్లు రెడ్‌హిల్స్ మిల్లులకి తెస్తాం. తిరుగు లోడు గుమ్మిడిపూండి నుంచి ఇనప కమ్మీలు. వినాయక చవితి దాటిందో లేదో ముగ్గురు డ్రైవర్లు మానేశారు. ఆన్‌లైన్ వ్యాపారాల గోడౌన్లకి డ్రైవర్లని సప్లై చేసే ఏజెన్సీలో చేరారు. పన్నెండు గంటల షిఫ్టుకి 1,500 ఇస్తున్నారట. నేను నెలకి 12,000 జీతం, నెల్లూరు పోయి వస్తే ట్రిప్పుకి 900 బత్తా ఇస్తాను. నెలకి 10 ట్రిప్పులు, మొత్తం 21,000. ఏజెన్సీ ఇచ్చినంత నేనెక్కడి నుంచి తెచ్చేది? కిరాయిలు పెరగలేదు. ఒకడికి 30,000 అడ్వాన్సు ఇచ్చి ఉన్నాను, వాడి లైసెన్సు నా దగ్గరే ఉంది. ఇవ్వకుండా ఆపాలా? దీపావళి అయ్యాక వీళ్ళే మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడతారు. చేర్చుకోవాలా, గెంటేయాలా?
- లారీ ఓనరు, రెడ్‌హిల్స్

జవాబు: అయ్యా, ముందు ఆ లైసెన్సు ఇచ్చేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నీతులు చెప్పడానికి అనడం లేదు. ఆ పని చేసి చెడ్డవాణ్ణి నేను. 1997 వేసవిలో మా ఆఫీసులో కావలి దగ్గర ఒకే ఊరివాళ్ళు ఆరుగురు డ్రైవర్లు ఉండేవాళ్ళు. అందులో ఒకతను కోడూరు మామిడి లోడ్లు ఉత్తరాదికి తోలడానికి పోతానన్నాడు. మామిడి కుళ్ళే సరుకు, ఒక రోజు ఆలస్యమైతే పెట్టెలు పారబోయడమే. అందుకని ఆ లైన్లో బత్తా మేమిచ్చేదానికి రెట్టింపు. నేను అతని లైసెన్సు బీరువాలో పెట్టి తాళం వేశాను. లెక్కలో అతనికి రావాల్సిన 2,300 కూడా ఆపేశాను. రాత్రి తొమ్మిదింటికి భార్యనీ చంటిపిల్లనీ వెంటబెట్టుకుని వచ్చి ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాడు. పదింటి దాకా కూర్చుని, లేచి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు. తర్వాత డూప్లికేటు లైసెన్సు తీసుకుని సీజన్‌కి పోనే పోయాడు. ఆ దసరాకల్లా ఆ ఊరి ఆరుగురిలో మా దగ్గర మిగిలింది ఒక్కడు. వాడైనా మా క్లీనరుకి బావమరిది కాబట్టి ఉన్నాడు. నాలుగేళ్ళ పాటు ఆ ఊరి నుంచి కొత్తగా ఒక్క మనిషీ మా బండెక్కలేదు. మా ఓనరు ఒకరోజు బీరువా తెరిచి, "లైసెన్సు భద్రంగానే ఉందయ్యా, ఇక దాన్నే సీట్లో కూర్చోబెట్టి బండి తోలించు" అన్నారు.

ఇప్పుడైతే ఆ బీరువా కూడా దండగ. డిజిలాకర్‌లో ఉన్న లైసెన్సు చూపిస్తే చాలని కేంద్రం 2018లోనే చెప్పింది. కార్డు మీ సొరుగులో ఉంటుంది, లైసెన్సు అతని ఫోన్‌లో ఉంటుంది.

అడ్వాన్సు మాత్రం మీ డబ్బు, మీకు రావాల్సిందే. కానీ "బాకీ తీరేదాకా నా బండే తోలాలి" అన్న మాట నోట రానివ్వకండి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం పొలం పనులకే అనుకుంటారు చాలామంది. అప్పు చూపించి మనిషిని పనికి కట్టేయడం లారీ ఆఫీసులో జరిగినా ఆ చట్టానికి దొరికిపోతారు. నెలకి ఇంత అని కాగితం రాయించుకోండి. అతను నాలుగు డబ్బులు ఎక్కువ సంపాదించేది ఈ మూడు నెలల్లోనే. ఇప్పుడు అడిగితేనే మీ బాకీ త్వరగా తీరుతుంది.

ఇక మీ లెక్క. 1,500 చొప్పున 26 షిఫ్టులు చేస్తే 39,000. మీ దగ్గర 21,000. తేడా 18,000, మూడు నెలలకి 54,000. కూతురి కాలేజీ ఫీజో, పాత ఆటోకి కట్టే మొదటి సొమ్మో. అంత డబ్బు వదులుకుని మా మీద అభిమానంతో ఉండిపో అని మీరు అడగలేరు, నేనూ చెప్పలేను.

కానీ మీ ఉత్తరంలో ఒక సంగతి కనబడలేదు. బత్తా 900 చేసి ఎన్నేళ్ళయిందో రాయలేదు. జీతాన్ని రూపాయితో సహా రాసిన మనిషి అది మర్చిపోయారంటే, మర్చిపోయేటంత కాలమే అయి ఉంటుంది.

నాకు అంతకంటే గుచ్చుకున్న అంకె ఇంకొకటి ఉంది. నెలకి 10 ట్రిప్పులేనా? రెడ్‌హిల్స్ నుంచి నెల్లూరు నూట అరవై చిల్లర కిలోమీటర్లు. తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, అంతా పెద్ద హైవే. లోడింగూ అన్‌లోడింగూ కలుపుకున్నా రెండు రోజులకి ఒక ట్రిప్పు పడాలి. 26 పనిదినాలకి 13 అవ్వాలి. 10 అవుతున్నాయంటే నెలకి ఆరు రోజులు మీ బండి ఎక్కడో నిలబడుతోంది. ఎక్కడో నాకు తెలుసు. ఎడగారు (రెండో పంట) వడ్లు దిగే రోజుల్లో రెడ్‌హిల్స్ మిల్లుల ముందు ఎంత లైను ఉంటుందో ముప్పై ఏళ్ళు చూశాను. (మా నాన్న రోజుల్లో నెల్లూరు లోడంటే మొలగొలుకులు. ఇప్పుడు వడ్లకి పేర్లు పోయి నంబర్లు వచ్చాయి. లైను మాత్రం అదే.)

ఆ ఆరు రోజులు డ్రైవరు ఇంట్లో ఉండడు, బండిలోనే ఉంటాడు. టీ, టిఫిను, రెండు పూటల భోజనం, స్నానానికి ఇచ్చే పది రూపాయలు, అన్నీ సొంత జేబులోంచే. బండి కదిలితేనే బత్తా, నిలబడ్డ బండికి బత్తా లేదు. ఏజెన్సీలో చూడండి. గోడౌన్ గేటు ముందు తొమ్మిది గంటలు నిలబెట్టినా షిఫ్టు షిఫ్టే, 1,500 పడాల్సిందే. పోయిన ముగ్గురిలో ఒకరికి టీ తాగించి నెమ్మదిగా అడగండి. "అక్కడ వెయిటింగ్‌కి కూడా డబ్బులిస్తారు సార్" అన్న మాటే ముందొస్తుంది, రేటు మాట ఆ తర్వాత వస్తుంది. మానేస్తానన్న ప్రతి డ్రైవరునీ నేను కారణం అడిగేవాణ్ణి. జీతం చాలదన్నవాళ్ళకంటే లెక్క నెలల తరబడి చూడలేదనీ, నిలబెట్టారనీ, బండి ఆగిపోయిన రాత్రి ఆఫీసులో ఫోన్ ఎత్తలేదనీ చెప్పినవాళ్ళే ఎక్కువ. ఆ ఎత్తని ఫోన్లలో కొన్ని నావే.

కాబట్టి ఏజెన్సీతో రేటు పాట పాడకండి, ఆ పాటలో మీరు నెగ్గలేరు. నిలబడ్డ రోజుకి డబ్బు పెట్టండి. లోడు చీటీ మీద బండి గేటుకి వచ్చిన టైము, లోపలికి పోయిన టైము రాయించండి. ఎనిమిది గంటలు దాటితే ఆ రోజుకి డ్రైవరుకి 400 హాల్టింగ్. తొమ్మిది మందికి ఆరేసి రోజులు వేసుకున్నా నెలకి 21,600. గుండె గుభేల్మంటోందా? అయితే ఇది కూడా లెక్కేయండి. బండి కిస్తీ నెలకి 45,000 అనుకుంటే రోజుకి 1,500. ఏజెన్సీ షిఫ్టు రేటూ అదే, చిత్రంగా. డ్రైవర్లు లేక మూడు బండ్లు ఇరవై రోజులు షెడ్డులో పడుకుంటే 90,000 పోయినట్టే. పోయిన కిరాయి దీని మీద అదనం.

హాల్టింగ్ మిల్లువాళ్ళ దగ్గర వసూలు చేయొచ్చా అంటారేమో. మొదటి నెల ఇవ్వరు. "మీరొక్కరే అడుగుతున్నారు" అంటారు. టైము రాసిన చీటీల కట్ట రెండో నెల బల్ల మీద పెడితే కొంత ఇస్తారు. లేదా ఇవ్వడం ఇష్టం లేక మీ బండికి ముందు టోకెన్ ఇస్తారు. మనకి కావాల్సింది అదే. లైను తగ్గి 13 ట్రిప్పులు పడితే డ్రైవరుకి రేటు పెంచకుండానే 2,700 పెరుగుతుంది, మీకు మూడు కిరాయిలు పెరుగుతాయి.

సీజన్ సంగతి సీజన్‌లో మాట్లాడితే లాభం లేదు. ఆషాఢంలో మాట్లాడాలి. పెళ్ళిళ్ళు ఉండవు, లోడ్లు పలచబడతాయి, డ్రైవరు ఇంటిపట్టున దొరుకుతాడు. "ఈసారి పండగ సీజన్‌కి ఎవరు పోదామనుకుంటున్నారు?" అని మీరే అడగండి. మొదట ఎవరూ నోరు విప్పరు, ఇదేదో ఉచ్చు అనుకుంటారు. రెండోసారి అడిగితే చెప్తారు. ఏడాదికి ఇద్దరికి వంతు ఇవ్వండి. పోయే తేదీ, వచ్చే తేదీ కాగితం మీద ఉండాలి, కార్తీక పౌర్ణమికల్లా తిరిగి బండెక్కాలి. వచ్చినవాడికి వాడి బండే ఇవ్వాలి. ఇది చిన్న విషయం అనుకోకండి. సీటు మీద వాడి దిండు, అద్దం పైన వాడు అంటించుకున్న వెంకన్న బొమ్మ, ఏ గేరు ఎక్కడ మొరాయిస్తుందో వాడికే తెలుసు. పాత బండి వేరేవాడికిచ్చి "ఆ మూలనున్నది తోలుకో" అంటే, పైకి తల ఊపినా లోపల ఆ రోజే మానేసినట్టు.

పోకుండా ఉన్న ఏడుగురిని మర్చిపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఆ పది వారాలు ట్రిప్పుకి 300 అదనం కట్టి, దీపావళి ముందురోజు ఒక్కసారే చేతిలో పెట్టండి. ఒక్కొక్కరికి ఏడు వేల దాకా అవుతుంది. ట్రిప్పుకి ట్రిప్పు ఇస్తే దారిలోనే కరిగిపోతుంది.

ఖాళీ అయిన రెండు బండ్లకి యాక్టింగ్ డ్రైవర్లని, అంటే తాత్కాలికంగా తోలేవాళ్ళని, చూసుకోక తప్పదు. మన ఊళ్ళో దొరకడం కష్టం కాదు, ఏరుకోవడమే కష్టం. లైసెన్సు నంబరు రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడకుండా తాళం చెవి ఇవ్వకండి. రవాణా వాహనాల లైసెన్సు 2019 సవరణ తర్వాత అయిదేళ్ళకి ఒకసారి రెన్యువల్. అంతకుముందు మూడేళ్ళు. గడువు దాటిన సంగతే తెలియకుండా తోలేవాళ్ళున్నారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు ముందు పట్టుకునేది అక్కడే.

ఇంకొకటి బతిమాలి చెప్తున్నాను. రాత్రి ఏజెన్సీ షిఫ్టు, పగలు మీ బండి అనే రాజీకి ఒప్పుకోకండి. డ్రైవరే వచ్చి అడుగుతాడు, మీకూ ఆశగానే ఉంటుంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసింది. ఆపైన పనికి రెట్టింపు కూలి అంది. ఆ చట్టం ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది, రెట్టింపు కూలి మాట మాత్రం పోలేదు. లైన్ మీద ఎవరు పాటిస్తున్నారంటారా, నిజమే. కానీ మీది కమ్మీల లోడు. తెల్లవారుజామున నాలుగింటికి తడ దాటాక నిద్రకళ్ళతో ఒక్కసారి బ్రేకు తొక్కితే ఆ కమ్మీలు క్యాబిన్‌లోకి వస్తాయి. నేను అలాంటి బండిని ఒకదాన్ని దగ్గరుండి కోయించాను. ఇంతకంటే రాయను.

క్యాబిన్ మాట వచ్చింది కాబట్టి, అక్టోబరు 2025 నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. కొత్త బండి ఎక్కి దిగిన డ్రైవరు మీ పాత బండికి వంకలు పెడతాడు. ఏసీ పెట్టించమనను. సీటు మార్పించండి, ఫ్యాను వేయించండి, దీపావళి వానలకి క్యాబిన్ పైకప్పు కారకుండా చూడండి. రాత్రంతా గిన్నె పెట్టుకుని పడుకున్నవాడికి ఏజెన్సీ ఫోన్ నంబరు ఎవరూ ఇవ్వక్కర్లేదు, వాడే వెతుక్కుంటాడు.

ఈ తలనొప్పి మనదొక్కటే కాదులెండి. 2021లో బ్రిటన్‌లో డ్రైవర్లు చాలక క్రిస్మస్ గండం గడవడానికి ట్యాంకర్లకీ ఆహార లారీలకీ కలిపి 5,000 తాత్కాలిక వీసాలు ప్రకటించారు. అనుకున్నంత మంది రాలేదు. పండగ వెళ్ళగానే పొమ్మనే పనికి ఇల్లూ దేశమూ వదిలి ఎవరొస్తారు?

చివరికి, దీపావళి తర్వాత వచ్చినవాళ్ళ సంగతి. చెప్పి పోయినవాణ్ణి చేర్చుకోండి. పాత మాటలు ఎత్తకుండా, టీ ఇచ్చి చేర్చుకోండి. లోడు దారిలో వదిలేసి, తాళం చెవి పెట్రోలు బంకులో ఇచ్చి పోయినవాణ్ణి మాత్రం వద్దు. నేను ఒకసారి జాలిపడి అలాంటివాణ్ణి తీసుకున్నాను. సంక్రాంతికి నాయుడుపేటలో మళ్ళీ అదే పని చేశాడు. బంకు కూడా మార్చలేదు.

ప్రశ్న: మా ఆయన ఆరేళ్ళుగా ఒకే ఓనరు దగ్గర లారీ తోలుతున్నారు. ఆఫీసులో డ్రైవర్లూ గుమాస్తాలూ కలిపి పదిహేను మంది ఉంటారు. ఇప్పుడు ఏజెన్సీవాళ్ళు మూడు నెలల పనికి పిలుస్తున్నారు. పోతే ఓనరు మళ్ళీ తీసుకోరేమోనని ఆయనకి భయం. పోకపోతే పెద్దవాడి ఫీజు ఎలా కట్టాలా అని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక గృహిణి, గుమ్మిడిపూండి

జవాబు: పంపించమ్మా. అయితే "మానేస్తున్నాను" అన్న మాట ఎక్కడా రాయకుండా పంపించు. "మూడు నెలలు సెలవు కావాలి" అని రాసివ్వమను, ఓనరు సంతకం తీసుకోమను. ఓనరు ఒప్పుకున్న సెలవు సర్వీసుని తెంచదు. సర్వీసు ఎందుకంటావా? పది మంది, అంతకు పైన పనిచేసే చోట అయిదేళ్ళు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. తనంతట తాను మానేసినా వస్తుంది. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలని 26 రోజులుగా లెక్కేసి ఇస్తారు. జీతం 12,000 అనుకుందాం, బత్తా పక్కన పెట్టినా ఏడాదికి 6,923, ఆరేళ్ళకి 41,538. చాలామంది డ్రైవర్లు ఈ మాట తెలియకుండానే ఓనర్లు మారుతుంటారు. తెలిసిన ఓనర్లు చెప్పరు, తెలియని ఓనర్లే ఎక్కువ.

సెలవు ఇవ్వనంటే అప్పుడు ఆలోచించుకోండి. పోవడమే ఖాయమైతే ఆ డబ్బు లెక్క కట్టించుకునే పొమ్మను.

ఏజెన్సీని అడగాల్సినవి కొన్నున్నాయి. చెప్పే రేటు చేతికొచ్చేదా, కమిషను కోయక ముందుదా? పిలిచి డ్యూటీ లేదని వెనక్కి పంపిన రోజుకి ఏమిస్తారు? డబ్బు వారానికా, నెలకా? సరుకు తగ్గినా, అద్దం పగిలినా ఎవరి జేబుకి చిల్లు? ఈఎస్ఐ కడతారా? (నెల జీతం 21,000 లోపైతే ఇప్పుడున్న చోట కూడా ఈఎస్ఐ ఉండాలి. లేకపోతే అదీ అడగండి.) ఏ కంపెనీ గోడౌన్‌కి పంపుతున్నారో ఆ పేరు కాగితం మీద ఉండేలా చూసుకో. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న కంపెనీ ఇవ్వాలన్నది 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం నాటి నుంచీ ఉన్న సూత్రమే. ఏ కంపెనీయో తెలియకపోతే ఎవరిని అడుగుతారు? గేటు పాసుని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకున్నా పనికొస్తుంది.

వచ్చిన డబ్బులో ఫీజు ముందు కట్టేయి. మిగిలినదాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: నాకు కారు లైసెన్సు మాత్రమే ఉంది. పండగ సీజన్‌లో చిన్న సరుకు బండి తోలితే రోజుకి మంచి డబ్బులంటున్నారు. కుదురుతుందా?
- ఆవడి నుంచి ఒక నిరుద్యోగి

జవాబు: కుదురుతుంది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని బండిని ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో, అంటే నీ కారు లైసెన్సుతోనే, తోలొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న చెప్పింది. ఆ బరువు ఆర్‌సీలో ఉంటుంది, చూసుకుని ఎక్కు. ఏజెన్సీవాడు "పెద్ద బండి అయినా పర్లేదు, సీజనే కదా, ఎవరూ పట్టుకోరు" అంటాడు. దిగి ఇంటికి వచ్చేయి.